పదో నెల తట్టు

కాలవకి నీళ్ళు వదిలిన రోజున మా లూర్దు గట్టు మీద బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి, నీటిమట్టం చూపే గేజీ పలక మీద అంకెలు చదువుతోంది. ఎమర్జెన్సీ పెట్టిన ఏడు అది, జూన్ నెలాఖరు. దానికి ఎనిమిదేళ్ళు నిండాయి. నాకు పదిహేను నడుస్తోంది.

"మూడడుగుల నాలుగున్నర," అంది.

"నాలుగని రాయవే. అర ఎవడిక్కావాలి?" అన్నాడు నాన్న, తలుపు ఎత్తే చక్రం తిప్పుతూ.

"నాలుగున్నర ఉంటే నాలుగని ఎట్లా రాస్తాను నాన్నా? నీళ్ళు నవ్వుతాయి."

మా నాన్న జక్కయ్య, పామర్రుకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న లాకుల మీద లస్కరు. కాలవ తలుపులు ఎత్తడం, దించడం, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. తలుపులు ఎత్తడంలో ఆయనకి వంక పెట్టేవాళ్ళు లేరు. రాత మాత్రం సంతకం దాకానే. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయి నేను అమ్మతో కూలికి వెళ్ళడం మొదలుపెట్టేదాకా ఆ పుస్తకం నేను రాశాను. తరవాత లూర్దు అందుకుంది. నా రాత కంటే దాని రాత బాగుండేది. సున్నా చుడితే సున్నాలాగే ఉండేది. నెలకోసారి సైకిలు మీద వచ్చే ఓవర్సీరు గారు పుస్తకం తిరగేసి, "ఏమయ్యా జక్కయ్యా, మా ఆఫీసులో గుమాస్తాలకి లేదు ఇంత మంచి రాత," అనేవారు. నాన్న తలొంచుకుని చెవులదాకా నవ్వేవాడు.

గుణదల కొండ మీద మాతకి మొక్కుకుంటే పుట్టిందని దానికి లూర్దమ్మ అని పేరు పెట్టారు. సాయంత్రం జపమాల చెప్పేటప్పుడు మా నాయనమ్మ శౌరమ్మ ముందు కూర్చున్నా, జపం ఎత్తుకునేది లూర్దే. ఎక్కడా తడబడేది కాదు. నేను కునికితే మోచేత్తో పొడిచేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఓవర్సీరు గారు నెల తిరక్కుండానే వచ్చారు. సైకిలుకి స్టాండు కూడా వెయ్యలేదు, అరుగుకి ఆనించేశారు. నేనూ అమ్మా నాట్ల నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాం.

"పుస్తకం తియ్యి."

నాన్న తెచ్చిచ్చాడు. ఆయన వేలు పెట్టి చూపించారు. "పన్నెండో తారీకు. పద్నాలుగడుగులు. ఈ కాలవ లోతెంతయ్యా?"

"ఎనిమిదండి."

"మరి పద్నాలుగడుగుల నీళ్ళు ఎక్కడ నిలబెట్టావు? ఆకాశంలోనా? పదిహేనో తారీకు చూడు, ఒకటిన్నర. పైనుంచి నీళ్ళు దండిగా వస్తుంటే ఒకటిన్నర ఏమిటి? ఆ పద్నాలుగు చూసి పైవాళ్ళు నీళ్ళు తగ్గించారు. కిందూళ్ళలో నారు ఎండిపోయి రైతులు కలెక్టరు గారికి అర్జీ పెట్టారు. అసలే రోజులు బాగాలేవు. మాట వస్తే నీతోపాటు నా ఉద్యోగమూ పోతుంది."

మెమో కాగితం చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. నాన్న దాన్ని చదవలేక నాకిచ్చాడు. నేను చదివాను. ఇంకోసారి ఇట్లా జరిగితే పనిలోంచి తీసేస్తామని ఉంది. ఆ పుస్తకంలోకి కూడా చూశాను. జూలై మొదటి వారం అంకెలు గుండ్రంగా ఉన్నాయి. నెలాఖరుకి పక్కకి వాలాయి. ఆగస్టుకొచ్చేసరికి గీత దాటి పైకీ కిందికీ పాకుతున్నాయి. ఇదంతా మా కళ్ళముందే జరిగింది. ఎవరం చూడలేదు.

లూర్దు బడి నుంచి వచ్చింది. సంచీ దించకముందే నాన్న తుమ్మ బరిక తీశాడు. ఆయన మమ్మల్ని ఎప్పుడూ కొట్టినవాడు కాదు. కొట్టడం రానివాడు కొట్టినట్టే కొట్టాడు, ఎక్కడ ఆపాలో తెలియకుండా. కుడి అరచేతి మీద, వేళ్ళ మీద.

"ఆటలయ్యాయా నీకు? నా కూటి మీద ఆటలా?"

"నేను సరిగ్గానే చూశాను నాన్నా," అంది ఏడుస్తూ. "చెయ్యే వేరేగా రాసింది."

ఆ మాటకి ఇంకో రెండు పడ్డాయి. అమ్మ అడ్డం పడి లాక్కుపోయింది. ఆ రోజు నుంచి పుస్తకం మళ్ళీ నేనే రాశాను.

సెప్టెంబరు వచ్చేసరికి రాత ఒక్కటే కాదని తెలిసిపోయింది. బడి నుంచి ఇంటికి రావాల్సింది, దారిలో ఏ తుమ్మ చెట్టు కిందో నిలబడిపోయి ఉండేది. నేను వెతుక్కుంటూ వెళితే, "అక్కా, ఏ వైపు?" అనేది. జపమాల ఎత్తుకుని సగంలో ఆగేది. తరవాతి మాట కోసం నాయనమ్మ మొహంలోకి చూసేది. నాయనమ్మ అందిస్తే పలికి, మళ్ళీ ఆగేది. బడిలో పంతులమ్మ, "దీనికి పొగరెక్కింది, కూర్చున్నచోటే ఒంటికి పోసుకున్నా లేవదు," అని కబురు పంపింది. అంతకు ముందేడు క్లాసులో ఫస్టు వచ్చిన పిల్ల.

తరవాత కుదుపులు మొదలయ్యాయి. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేది, ఎవరో వెనకనుంచి తాడు పట్టి లాగినట్టు చెయ్యి విదిలిపోయేది. ముద్ద గోడకి కొట్టుకునేది. తల ముందుకి ఒక్కసారి వాలి, మళ్ళీ లేచేది. పది లెక్కపెట్టేలోగా ఇంకొకటి. నిలబడి ఉండగా వస్తే పడిపోయేది. మోకాళ్ళు, గడ్డం, నుదురు, అన్నీ దెబ్బలే. పడినప్పుడల్లా సిగ్గుపడి నవ్వేది. ఆ నవ్వు చూడటం నావల్ల అయ్యేది కాదు.

ఊళ్ళో ఆరెంపీ డాక్టరు నులిపురుగులన్నాడు. మందు పోశాడు. నీరసమని ఎర్ర సూదిమందులు పన్నెండు చేశాడు. నాయనమ్మ ఊరుకోలేక, మాకు చెప్పకుండా, దయ్యాలు విడిపిస్తాడని పేరున్న ఒకాయన దగ్గరికి పొరుగూరు తీసుకెళ్ళింది. ఆయన పిల్లని స్తంభానికి కట్టి మిరపకాయల పొగ పెట్టాడు. సంగతి తెలిసి అమ్మ పొలంలో కొడవలి పారేసి పరిగెత్తింది. పిల్లని ఎత్తుకుని తిరిగొచ్చాక అత్తగారిని పల్లెత్తు మాట అనలేదు గాని, ఆ రాత్రికి కంచంలో అన్నం పెట్టి ఆమె ముందు తొయ్యలేదు. నేనే పెట్టాను.

దసరాకి ముందు, ఒక పొద్దున లూర్దు గట్టు మీంచి కాలవలో పడింది. లాకుల దగ్గర నీరు సుడి తిరుగుతూ ఉంటుంది. నాన్న తలుపు మీంచే దూకాడు. జుట్టు పట్టుకుని పైకి తెచ్చాడు. గట్టు మీద పడుకోబెట్టి నీళ్ళు కక్కించాడు. దగ్గు ఆగీ ఆగకముందే, తడిసిన ఆ పిల్ల ఒళ్ళంతా ఎగిరేలా ఒక కుదుపు వచ్చింది. మళ్ళీ ఒకటి. నాన్న దాని అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని చూశాడు. బరిక చారలు ఇంకా నల్లగా ఉన్నాయి.

"ఇది పొగరు కాదు రావమ్మా," అన్నాడు అమ్మతో. "ఇదేదో మనకి తెలియంది."

బెజవాడ డాక్టరు పేరు చెప్పింది ఆ ఓవర్సీరు గారే. మెమో ఇచ్చిన చేత్తోనే చీటీ రాసిచ్చారు. గవర్నరుపేటలో, మద్రాసులో చదివొచ్చిన నరాల డాక్టరు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని అమ్మ, మూట పట్టుకుని నేను, ముందు నాన్న, బస్సులో వెళ్ళాం. కుదుపు వచ్చినప్పుడల్లా పక్కన కూర్చున్నవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు.

చీకటి గదిలో లూర్దు తలకి జిగురు రాసి సన్నని తీగలు అంటించారు. నన్ను లోపలికి రానిచ్చారు, చెయ్యి పట్టుకోవడానికి. పక్కనున్న పెట్టెలోంచి కాగితం పొడుగ్గా జారుతుంటే సూదులు దాని మీద గీతలు గీశాయి. గీతలు చిన్నగా వణుకుతూ పోయి, ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారి పైకి ఎగిరేవి. సరిగ్గా అప్పుడే నా చేతిలో ఉన్న దాని చెయ్యి ఎగిరేది. మళ్ళీ అంతే దూరం పోయి, మళ్ళీ ఎగిరేవి. కొలిచి పెట్టినట్టు. మర్నాడు వెన్నులోంచి నీరు తీశారు. రెండు రోజులు ఆ వరండాలోనే పడుకున్నాం.

మూడో రోజు డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టారు. నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు.

"ఈ పాపకి చిన్నప్పుడు తట్టు పోసిందా?"

"పోసిందండి. అందరి పిల్లలకీ పోసేదేగా," అంది అమ్మ.

"ఎన్నో ఏట?"

"ఏడాది కూడా నిండలేదండి. పదో నెల. తేలిగ్గానే పోయిందండి బాబూ, నాలుగు రోజులు కూడా లేదు."

"అప్పుడు ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

అమ్మ చూపు నా మీదికి వచ్చి, పక్కకి పోయింది. నాన్నకి గుర్తులేదు.

"నాకండి," అన్నాను. "ముందు నాకు."

ఆయన తలూపి, కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఏం రాశారో నాకు కనబడలేదు. నా పేరే రాశారనుకున్నాను.

"ఆ తట్టు పురుగు అందరికీ వచ్చి పోతుంది. లక్షమందిలో ఎవరో ఒకరికి పోదు. మెదడులో దాక్కుని ఉండిపోతుంది. ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు ఏమీ తెలియదు. తరవాత లేచి మెదడుని కొంచెం కొంచెం తినేస్తుంది. మరీ పసితనంలో వచ్చినవాళ్ళకే ఈ ప్రమాదం ఎక్కువ."

"మందేదండీ?" అన్నాడు నాన్న.

"కుదుపులు తగ్గడానికి బిళ్ళలిస్తాను."

"తగ్గడానికి కాదండి. పోవడానికి."

డాక్టరు గారు బల్ల మీదున్న కలం అటునుంచి ఇటు పెట్టారు. "లేదయ్యా. ఇక్కడా లేదు, మద్రాసులో లేదు, ఏ దేశంలోనూ లేదు. ఉందని ఎవరైనా చెబితే నమ్మి తిరగకండి."

నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అయ్యా, నేను కొట్టానండి దీన్ని. బరికతో, చేతుల మీద. ఆ దెబ్బలకి గాని..."

"కాదు. నువ్వు కొట్టేనాటికే మొదలైపోయింది."

ఆయన ఓదార్పుగానే అన్నారు. నాన్న గోడవైపు తిరిగి ఏడ్చాడు. జబ్బు పడిన పిల్లని కొట్టానని తెలిసినవాడి ఏడుపు అది. అమ్మ ఏడవలేదు. లూర్దు నోటి పక్కన కారుతున్న చొంగ పమిటతో తుడుస్తూ కూర్చుంది. నేను అడగాల్సింది ఒకటుంది. నాన్న ఏడుస్తుంటే అడగలేకపోయాను.

అడగాల్సింది ఇది. రెండో తరగతిలో ఉండగా మా బడిలో సగం మందికి తట్టు లేచింది. నాకూ లేచింది. నాయనమ్మ నన్ను వంటింటి మూల వేపమండలు పరిచి పడుకోబెట్టి, "చంటిదాని జోలికి పోబాకు," అని గట్టిగా చెప్పింది. అమ్మ కలుపుకి వెళ్ళింది. నాయనమ్మ మేకల వెంట వెళ్ళింది. ఉయ్యాల్లో లూర్దు గుక్కపట్టి ఏడుస్తోంది. నేను లేచి వెళ్ళి దాన్ని తీసి నా పక్కలో పడుకోబెట్టుకున్నాను. నా మెడ మీద మొహం పెట్టి నిద్రపోయింది. అమ్మ వచ్చేసరికి ఇద్దరం నిద్రలో ఉన్నాం. ఆ తరవాత పది రోజులకి దానికి లేచింది.

ఆ ఆదివారం పూజకి ముందు పాపసంకీర్తనానికి వెళ్ళాను. తెర వెనక ఫాదర్ గారికి అంతా చెప్పాను.

"అప్పుడు నీకెన్నేళ్ళమ్మా?"

"ఏడు, ఫాదర్."

"ఏడుస్తున్న చెల్లెల్ని ఎత్తుకున్నావు. అది పాపం కాదమ్మా."

"ప్రాయశ్చిత్తం ఏదైనా ఇవ్వండి ఫాదర్. ఎంత పెద్దదైనా చేస్తాను."

"పాపం లేనిదానికి ప్రాయశ్చిత్తం ఎక్కడిది? క్షమాపణ మాత్రం దేనికి? వెళ్ళు, మనసు నెమ్మది చేసుకో."

మంచి మనసుతోనే అన్నారు. నేను మాత్రం చాచిన చెయ్యి ఖాళీగా వెనక్కి తీసుకున్నట్టు గుడిలోంచి బయటికొచ్చాను. ఉపవాసాలున్నాను. మోకాళ్ళ కింద వడ్లగింజలు పోసుకుని జపం చేశాను. అది ఎవరి లెక్కలోకీ చేరలేదు.

ఇంట్లో ఇంకొకటి మొదలైంది. రోజూ పొద్దున్నే, పొయ్యి అంటించగానే అమ్మ బొగ్గుముక్క నా చేతికిచ్చి, "గోడ మీద ఒకటి నుంచి ఇరవై దాకా రాయి," అనేది.

"దేనికే?"

"రాయమంటే రాయి."

అమ్మకి ఒక్క అంకె కూడా తెలియదు. నిన్న రాసినదాన్ని చెరపనిచ్చేది కాదు. దాని కిందే ఇవాళ్టిది రాయాలి. అమ్మ పక్కన నిలబడి, నిన్నటి గీతనీ ఇవాళ్టి గీతనీ మార్చి మార్చి చూసేది. పక్కకి వాలిందేమో, పైకి పాకిందేమో. తరవాత ఏమీ అనకుండా పొయ్యి దగ్గరికి పోయేది. నా చేతిలో గిన్నె జారి పడితే ఇంట్లో అందరూ కదలకుండా ఆగిపోయేవాళ్ళు. పెద్దదానికి రాదని డాక్టరు గారు చెప్పారు గదా అని నాన్న అంటే, "చిన్నదానికి వచ్చుద్దని ఎవరు చెప్పారు?" అనేది.

లూర్దు నడక పోయింది. తరవాత మాట పోయింది. చివరగా పోయిన మాట 'అక్కా' కాదు, 'అమ్మా' కాదు. 'నీళ్ళు'. దాహమేసి అందో, కాలవ గుర్తొచ్చి అందో తెలియదు. గంజి చెంచాతో పోస్తే సగం బయటికొచ్చేది. నేనూ అమ్మా కూలి మానేశాం. ఒకరు తల పట్టుకుంటే ఒకరు పొయ్యాలి. ఆ కుదుపుకీ కుదుపుకీ మధ్య దొరికే వ్యవధిలో, చెంచా లోపలికి వెళ్ళి బయటికి రావాలి. ఆ తూకం నా చేతికి ఎంత అలవాటైందంటే, కాలవ దగ్గర బిందె ముంచుతూ కూడా మనసులో లెక్కపెట్టుకునేదాన్ని.

నవంబరు మూడో వారంలో ఒక పొద్దున చెంచా పట్టుకుని కూర్చున్నాను. లెక్క పదికి వచ్చింది. ఇరవైకి వచ్చింది. వందకి వచ్చింది.

"అమ్మా! రావడం లేదే!"

అమ్మ వచ్చి కూర్చుంది. నాయనమ్మ వచ్చింది. నాన్న లాకుల మీంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నలుగురం దాని చేతులకేసి చూస్తూ కూర్చున్నాం. పొద్దెక్కిందాకా ఒక్క కుదుపు లేదు. నాయనమ్మ నేల మీద సాష్టాంగపడి మాతని పిలుస్తూ ఏడ్చింది. నాన్న కాలవ గట్టు మీద పోయేవాళ్ళని ఆపి మరీ చెప్పాడు. పక్కింటి దానమ్మ బెల్లం ముక్క తెచ్చి లూర్దు పెదాలకి రాసింది. నాలుగు నెలల్లో మొదటిసారి అమ్మ మొహం మీద నవ్వులాంటిది చూశాను. నేనైతే, నా ఉపవాసాలకి జవాబు వచ్చిందనుకున్నాను.

నాలుగో రోజు గుణదల వెళ్ళాం. నాన్న లూర్దుని భుజాన వేసుకుని మెట్లెక్కాడు. అమ్మ మోకాళ్ళ మీద ఎక్కింది. నేను పక్కన నడుస్తూ లేవదీయబోతే చెయ్యి విదిలించుకుంది. కొండ మీద తలనీలాలిచ్చింది. ఒత్తుగా మోకాళ్ళదాకా ఉండే జుట్టు అమ్మది. మాత ముందు కొవ్వొత్తులు వెలిగించి, "నా పిల్లని చూడు తల్లీ, నీ పేరు పెట్టుకున్న పిల్ల," అంది. లూర్దు కళ్ళు తెరిచే ఉన్నాయి. అవి కొవ్వొత్తుల మీదా లేవు, మాత మీదా లేవు.

కొండ దిగాక నాన్నే, "డాక్టరు గారికి కూడా ఒకసారి చూపిద్దాం. ఆయన లేదన్నాడుగా, చూడనీ," అన్నాడు. ఆయన గొంతులో గర్వం ఉంది.

డాక్టరు గారు అమ్మ బోడిగుండు చూశారు. గంధం ఇంకా ఆరలేదు. ఆయన మొహం ఎట్లాగో అయిపోయింది.

"ఆగిపోయినయ్యండీ! నాలుగు రోజులైంది," అన్నాడు నాన్న.

ఆయన లూర్దు చెయ్యి పైకెత్తి వదిలారు. అది పడిపోలేదు. ఎత్తినచోటే కట్టెలాగా నిలబడింది. నెమ్మదిగా దించారు. కళ్ళలోకి దీపం వేసి చూశారు.

"ఇట్లా ఆగుతాయి. జబ్బు తగ్గి కాదమ్మా. కుదిపే శక్తి కూడా మెదడుకి పోయింది. ఇంటికి తీసుకెళ్ళండి. పక్కలు మారుస్తూ ఉండండి, పుండ్లు పడకుండా."

బస్సులో అమ్మ పమిట గుండు మీదికి లాక్కుని, బందరు రోడ్డు పొడుగునా బయటికే చూస్తూ కూర్చుంది. ఉయ్యూరు దాటాక నాన్న మెల్లగా, "జుట్టు మళ్ళీ వచ్చుద్దిలే," అన్నాడు. అమ్మ ఆయన్ని చూసిన చూపు నేనింకా మరచిపోలేదు.

డిసెంబరు పదకొండో తారీకున, అందరూ కోతల్లో ఉండగా, మిట్ట మధ్యాహ్నం లూర్దు పోయింది. అంతకు ముందు రోజే ఫాదర్ గారొచ్చి చివరి నూనె పూసి, అవస్థ అభ్యంగనం ఇచ్చి వెళ్ళారు. నేను దాన్ని ఎడమ పక్కకి తిప్పి, వీపు తుడుస్తున్నాను. ఊపిరి వదిలింది. తిరిగి తీసుకోలేదు. అంతే. నేనూ అమ్మా స్నానం చేయించాం. ఎనిమిదేళ్ళ పిల్ల, నాలుగేళ్ళ పిల్లంత బరువుంది. నాన్న దాని కుడి అరచెయ్యి పట్టుకుని పెట్టె మూత వెయ్యనివ్వలేదు. ఓవర్సీరు గారొచ్చి భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

ఆ ఏడు మా ఇంట్లో క్రిస్మసుకి నక్షత్రం కట్టలేదు.

జనవరిలో మా పాలెంలో తట్టు వచ్చింది. ముందు పక్కింటి దానమ్మ కూతురు మణెమ్మకి లేచింది. దానికి ఆరేళ్ళు. వాళ్ళింట్లో ఏడు నెలల మగపిల్లాడున్నాడు. సంగతి తెలిసిన గంటకి అమ్మ వాళ్ళింటికెళ్ళి, ఉయ్యాల్లోంచి పిల్లాడిని తీసి చంకనేసుకుంది.

"ఎక్కడికి వదినా?" అంది దానమ్మ.

"మా ఇంట్లో ఉంటాడు. పాలకి నువ్వే వచ్చి ఇచ్చిపో. చేతులు సబ్బుతో కడుక్కుని రా. మణెమ్మ మాత్రం ఈ గుమ్మం దాటకూడదు."

"నీకేమైనా పిచ్చా? తట్టు రాని పిల్లలుంటారా? వచ్చిపోతే మంచిదేగా!"

"పెద్దయ్యాక రానీ. ఇప్పుడొద్దు." అమ్మ గొంతు లేపింది. నేనెప్పుడూ వినని గొంతు అది. "ఇప్పుడు మాత్రం వద్దు దానమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

పాలెమంతా పోగైంది. బిడ్డ పోయిన దుఃఖంలో మతి తప్పిందన్నారు. గుండు మీద అప్పుడప్పుడే మొలుస్తున్న వెంట్రుకలతో, చంకలో పరాయి పిల్లాడితో, ఆ జనం మధ్యనుంచి అమ్మ మా ఇంట్లోకి నడిచొచ్చింది. దానమ్మ ఏడుస్తూనే ఒప్పుకుంది. ఏం జాలి కలిగిందో.

పిల్లాడిని పది రోజులు కింద పెట్టనివ్వలేదు అమ్మ. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒళ్ళంతా తడిమి చూసేది. పదకొండో రోజు వాడి ఒళ్ళు వెచ్చబడింది. కళ్ళు ఎర్రబడి ముక్కు కారింది. పద్నాలుగో రోజు పొద్దున చెవుల వెనక ఎర్రగా లేచింది. ఉయ్యాల్లోంచి తీసేనాటికే అంటుకుని ఉంటుంది. అమ్మ వాడిని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయింది. వాడు చూస్తే బాగానే ఉన్నాడు, అమ్మ పుస్తెలతాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

ఇక ఎడంగా ఉంచడం ఎందుకని దానమ్మ తన కూతుర్ని మా ఇంటికి రానిచ్చింది. మణెమ్మకి తగ్గిపోయింది. మొహం మీద పొట్టు రాలుతోంది. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా తమ్ముణ్ణి చూస్తోంది. పద్నాలుగు రోజులుగా అందరూ దాన్ని దూరం దూరం అని తోలుతున్నారు.

"తెరేసక్కా," అంది నన్ను.

"ఏమ్మా?"

"తమ్ముడికి నా వల్లే వచ్చిందంటగా? నేనేం చేశానక్కా?"

డాక్టరు గారి గదిలో నేను అడగలేకపోయిన మాట ఇదే. అది నా జవాబు కోసం చూస్తూ నిలబడింది.

"నువ్వేం చెయ్యలేదమ్మా," అన్నాను. నాకే వినబడనంత మెల్లగా.

అమ్మ తలెత్తలేదు. ఒళ్ళో ఉన్న పిల్లాడి చెవి వెనక వేలితో నిమురుతూనే ఉంది.

"గట్టిగా చెప్పవే తెరేసా," అంది. "నీకూ వినబడాలి."